నాలుగొందల నత్తల టీసీలు

గుండ్లవాగుకి ఇవతల ఒక బడి, అవతల ఒక బడి. రెండింటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

ఇవతలిది అడవి ఉమ్మడి బడి. దానికి గేటు లేదు, కాబట్టి ఎవరినీ గేటు దగ్గర ఆపే అవకాశమూ లేదు. కుంటి కుందేలు వచ్చినా, మూడేళ్ళుగా ఒకటో తరగతినే అంటిపెట్టుకున్న తాబేలు వచ్చినా "రా నాయనా, కూర్చో" అనడమే అక్కడి పద్ధతి. అవతలిది జంబులింగం అనే నక్క పెట్టిన ప్రైవేటు రెసిడెన్షియల్. దానికి గేటుంది, గేటుకి తాళముంది, తాళానికి తోడేలు కాపలా ఉంది. అందులో చేరాలంటే ముందు పిల్ల కాలి పొడవు కొలుస్తారు. తర్వాత వాగు ఈ గట్టు మీంచి ఆ గట్టు మీదికి దూకమంటారు. దూకితే సీటు. నీళ్ళలో పడితే, "పిల్లాడు తెలివైనవాడేనమ్మా, వచ్చే ఏడు చూద్దాం." ఇలా పొరుగు అడవుల్లో కూడా గాలించి, లేత గరిక ఉచితమని ఆశపెట్టి, ముప్ఫైమంది జింకపిల్లల్నీ దుప్పిపిల్లల్నీ హాస్టల్లో పెట్టుకున్నాడు జంబులింగం. గేటు మీద పెద్ద బోర్డు కట్టాడు: "మా దగ్గర అంతా మెరికలే!" మెరికల్నే చేర్చుకుంటే మెరికలే ఉంటారు మరి. అందులో ఈయన గొప్పేమిటో అడిగినవాడు లేడు.

ఉమ్మడి బడిలో డ్రిల్లు మాష్టారు మాలకొండయ్య అనే ఎద్దు. జంబులింగం గేటు దగ్గర తిరగ్గొట్టిన అవతలి ఒడ్డు పిల్లలందర్నీ పొద్దున్నే వీపు మీద ఎక్కించుకుని వాగు దాటించడం ఆయన మొదటి పని. నత్తలు వీపుకి అతుక్కునేవి. తాబేళ్ళు మెడ మీద కూర్చునేవి. ముళ్ళపందులు మాత్రం తోక పట్టుకుని ఈదుకుంటూ రావాలి. ఆ నియమం ఎందుకు వచ్చిందో ఆయన వీపునడిగితే చెబుతుంది. సాయంత్రం మళ్ళీ అందర్నీ అవతల దించి రావాలి. ఈ రెండు మోతలకీ మధ్య తీరిక దొరికితే ఫుట్‌బాల్ నేర్పేవాడు.

ఆ అడవిలో ఉమ్మడి పనేదైనా చిలక చీటీతోనే తేలాలి. ఉప్పునేల దగ్గర కాపలా ఎవరిది, ఎండాకాలం చెలమ తవ్వేదెవరు, అన్నీ చిట్టెమ్మ అనే చిలక ముక్కుతో చీటీ లాగి చెప్పాల్సిందే. దాని మీద అప్పీలు లేదు. ఉమ్మడి బడి జట్టు కూడా అంతే. రిజిస్టర్లో ఉన్న పేర్లన్నీ ఆకుల మీద రాసి పరిస్తే చిట్టెమ్మ కళ్ళు మూసుకుని పదకొండు లాగుతుంది. వచ్చినవాడు ఆడతాడు. పోయిన ఏడు గోల్‌కీపర్‌గా తాబేలు వచ్చింది. మొదటి గోల్ పడ్డప్పుడు పాపం అటు తిరగడం మొదలుపెట్టింది. తిరగడం పూర్తయ్యేసరికి పద్దెనిమిది పడ్డాయి. ఆట ముగిసేసరికి ఇరవై మూడు, సున్నా.

ఓడిపోవడం ఆ బడికి కొత్త కాదు. ఈసారి చిక్కు వేరే ఉంది. వాగు మలుపులో ఉన్న పచ్చిక మైదానం వరసగా మూడేళ్ళు గెలిచిన బడికి శాశ్వతంగా సొంతమని అడవి కట్టుబాటు. జంబులింగం జట్టు రెండేళ్ళు గెలిచేసింది. ఉమ్మడి బడి పిల్లలు మధ్యాహ్నం తినేది ఆ పచ్చికే. అది పోయిందంటే సగంమంది పిల్లలు ఇంటిదగ్గర ఆకో అలమో చూసుకుంటారు గానీ బడి ముఖం చూడరు.

హెడ్మిస్ట్రెస్ మేక అనసూయమ్మకి ఈ ఆలోచనతో గడ్డం నిలబడటం లేదు.

"మాష్టారూ, ఇంకెన్నాళ్ళీ నెమరు? ఈ ఒక్క ఏడూ ఆ చిలకని పక్కనబెట్టి మనమూ కాస్త గట్టివాళ్ళని ఏరుకుందాం."

"ఏరడం మొదలుపెడితే ఆపడం ఉండదు మేడమ్. ఇయ్యాల జట్టుకి ఏరతాం. రేపు తరగతికి ఏరతాం. ఎల్లుండి మనమూ గేటు కడతాం."

"గేటు కట్టే శ్రమ మీకు ఉండదులెండి. మైదానం పోయాక మీరూ నేనూ ఎదురుబొదురుగా కూర్చుని ప్రార్థన పాడుకుందాం. మీరు లైన్లో నిలబడండి, నేను హాజరు వేస్తాను."

మాలకొండయ్య నెమరు ఆగిపోయింది. ఆయనకి కోపం రావడం అరుదు, బాధ వస్తే మాత్రం మేత దిగదు. ఆ పూట మేత దిగలేదు. మర్నాడే వెళ్ళి పంచాయితీ పెట్టించాడు.

పంచాయితీ పెద్ద వీరభద్రమ్మ అనే ముసలి ఏనుగు. నల్లబండ మీద ఆమె కూర్చుంటే మిగతావాళ్ళకి చోటుండదు, అందుకని అందరూ కింద నిలబడ్డారు. జంబులింగం తోకని కాళ్ళ మధ్య మడిచి, తల నేలకానించి, నక్క వినయం అంటే ఏమిటో అందరికీ మరోసారి చూపించాడు.

మాలకొండయ్య సూటిగా చెప్పాడు. "పెద్దమ్మా, ఏరుకునే బడితో ఏరుకోని బడిని ఆడించడం న్యాయం కాదు. మాకు వేరే డివిజన్ కావాల."

"వేరేనా!" జంబులింగం గుండె మీద చెయ్యేసుకున్నాడు. "అడవితల్లి బిడ్డలం మనందరం. మధ్యలో గోడ కడదామంటావా మాలకొండయ్యన్నా? మా పిల్లలు కష్టపడి పరిగెత్తడం నేరమా?"

"పరిగెత్తడం నేరం కాదు జంబులింగం. పరిగెత్తేటోళ్ళందర్నీ నువ్వే దాచిపెట్టుకుని, రండి పందెం కాద్దాం అనడమే తప్పు. నువ్వు చెరిగి ఏరిన బియ్యం తెస్తావు. మేం మట్టిబెడ్డలతో సహా తెస్తాం. ఆపైన ఎవరి అన్నం తెల్లగా ఉందో చూడమంటావు."

"విన్నారా పెద్దమ్మా! కన్నబిడ్డల్లాంటి పిల్లల్ని పట్టుకుని మట్టిబెడ్డలంటున్నాడు!"

అందరూ గొల్లుమన్నారు. మాలకొండయ్య చెవులు వేలాడేశాడు. మంచి ఉపమానం ఒకటి దొరికిందని దారంతా మురిసిపోతూ వచ్చాడాయన. అదికాస్తా అడుసులో పడింది.

వీరభద్రమ్మ తొండమెత్తింది. "నవ్వింది చాలు. ఎద్దు నోరు మంచిది కాకపోవచ్చు, మాట మంచిదే. ఇదిగో తీర్పు. ఎవరొచ్చినా చేర్చుకునే బడి ఉమ్మడి బడి. అది చిలక చీటీతో ఆడుతుంది. పచ్చిక మైదానం అడవి అందరిదీ గనక ఆ కప్పుకీ మైదానానికీ ఉమ్మడి బళ్ళే పోటీ పడాలి. ఏరుకునే బడి ప్రైవేటు బడి. వాటి డివిజన్ వేరే. జంబులింగం, నువ్వు కొండవెనక చిరుతపులి పెట్టిన అకాడమీతో ఆడుకో."

వెనక వరసలో పంజా నాక్కుంటున్న చిరుతపులి శూరప్ప తలెత్తి చాలా మర్యాదగా నవ్వాడు.

"స్వాగతం జంబులింగం గారూ. జింకపిల్లలతో ఆడాలని మావాళ్ళు ఎప్పట్నించో ముచ్చటపడుతున్నారు. మైదానానికి రావడానికి మీరు శ్రమపడక్కర్లేదు, మేమే మీ హాస్టల్‌కి వచ్చేస్తాం."

హాస్టల్ పిల్లల తల్లులు నలుగురు అక్కడికక్కడే సొమ్మసిల్లారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కానీ జంబులింగం ఊరికే నక్కగా పుట్టలేదు. మీసం సర్దుకుని, ఒక్క గుక్కలో దారి వెతికాడు.

"పెద్దమ్మా, ఒక్క మాట. ఎవరొచ్చినా చేర్చుకుంటే ఉమ్మడి బడేనన్నారు కదా? ఐతే ఈ క్షణం నుంచీ మాదీ ఉమ్మడి బడే! తాళం తీసేస్తాను. కొలతలు రద్దు, దూకుళ్ళు రద్దు. ఎవరైనా రావచ్చు."

"చిలక చీటీకి ఒప్పుకుంటావా?"

"తలొంచి ఒప్పుకుంటాను. చిట్టెమ్మ ఎవరిని లాగితే వాళ్ళే ఆడతారు."

ఎందుకు ఒప్పుకోడు? రిజిస్టర్లో ఉన్నదే ముప్ఫైమంది, ముప్ఫైమందీ గాలికి చుట్టాలు. చిలక కళ్ళు మూసుకుని లాగినా, తల్లకిందులుగా వేలాడి లాగినా వచ్చేది జింకో దుప్పో. చదువుల ఏడాది సగం గడిచిపోయింది, ఇప్పుడు బడి మారేవాడెవడు? ఆటకి ఇంకా పదిరోజులే.

"మాట తప్పితే?" అంది వీరభద్రమ్మ.

"తప్పిన రోజే శూరప్ప గారితో ఆట."

"నేను సాక్ష్యం," అన్నాడు శూరప్ప ఆవలిస్తూ. ఆ ఆవలింతలో పళ్ళన్నీ లెక్కకి వచ్చాయి.

సాయంత్రానికల్లా జంబులింగం గేటు మీద కొత్త బోర్డు వెలిసింది: "ఇది అందరి బడి." ఉమ్మడి డివిజన్లో ఆడాల్సిన పుట్టలగూడెం ఎలకలు నక్క కూడా అందులోకే వస్తున్నాడని విని కలుగుల్లోంచి బయటికే రాలేదు. చివరికి పాత కథే. ఎద్దు జట్టు, నక్క జట్టు, మధ్యలో మైదానం.

"అన్నీ విడదీయించి, మళ్ళీ వాడినే తెచ్చి మన నెత్తిన కూర్చోబెట్టారు," అని అనసూయమ్మ వాగుదాకా సాధిస్తూనే వచ్చింది. "తాళం తీశాడట, తాళం! ఆ గేటు తెరిచినా మూసినా లోపల ఉన్నది జింకలేగా?"

మాలకొండయ్య దున్నపోతు మీద వాన కురిసినట్టు తిట్లన్నీ వీపు మీంచి జారిపోనిచ్చి, పిల్లల్ని ఎక్కించుకుని వాగు దాటాడు. అవతల ఒడ్డున ఒక్కొక్కర్నీ దించుతున్నాడు. నత్తలు వీపు మీంచి ఊడిరావడానికి చాలాసేపు పడుతుంది. రోజూ ఆ సేపు కళ్ళు మూసుకుని నెమరు వేసుకునేవాడు. ఆ రోజు కళ్ళు తెరిచే ఉన్నాయి, అందుకని ఎదురుగా ఉన్న బోర్డు కనబడింది. బోర్డు కింద తడిసిన రాళ్ళ మధ్య నత్తల ఇళ్ళు. పక్కనే తాబేళ్ళ గుంట. దాని వెనక ముళ్ళపందుల బొరియ.

నెమరు ఆగింది. ఈసారి బాధతో కాదు.

పిల్లల కోసం ఎదురొచ్చిన నత్త పోలమ్మని పిలిచాడు. "పోలమ్మా, నీకు పిల్లలెంతమంది?"

"ఎంచలేదయ్యోరా. నిన్నటికి నాలుగొందల చిల్లర."

"జంబులింగం బడి మీ ఇంటికి ఎంత దూరం?"

"మీకైతే నాలుగడుగులు. మాకైతే ఒక పూట."

"అది ఇప్పుడు ఉమ్మడి బడి. మీ ఒడ్డు బడి. టీసీలు రాసిస్తాను, పిల్లల్ని అక్కడ చేర్పించు."

పోలమ్మ కొమ్ములు రెండూ లోపలికి ముడుచుకుపోయాయి. "మేం నిదానమని మమ్మల్ని తోలేస్తన్నారా అయ్యోరా?"

ఆ మాట మాలకొండయ్యకి ములుకర్రతో పొడిచినట్టే తగిలింది. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు, రాని పని చెయ్యబోలేదు.

"నీ దగ్గర దాపరికం ఎందుకు. నాకు స్వార్థం ఉంది. నీ పిల్లలు అక్కడ చేరితే చీటీల్లో వాళ్ళ పేర్లూ పడతాయి, ఆట సమానం అవుద్ది, మైదానం మనకి దక్కుతుందేమో. కానీ అదొక్కటే అయితే నోరు తెరిచి అడిగేవాణ్ణి కాదు. వాన పడ్డ ప్రతి రోజూ వాగులో దిగేటప్పుడు నా ప్రాణం నా దగ్గర ఉండదమ్మా. ఒక్కడు జారిపోతే నీకు ఏం చెప్పాలని దాటినంతసేపూ ఒణికిపోతాను. ఇంటి ముందే బడి ఉండగా ఈ గండం మీ పిల్లలకెందుకు?"

పోలమ్మ కొమ్ములు మెల్లగా బయటికొచ్చాయి.

"మూడేళ్ళ కింద పెద్దోణ్ణి తీసుకుని ఆ గేటు కాడికి పోయా. కాళ్ళు మొలిచాక తీసకరా అన్నాడా నక్క. వాడికింకా మొలవలేదు. అయినా పోతా. టీసీలు రాయండి."

ఆమె వెనకే తాబేలు తల్లులు, ముళ్ళపంది తల్లులు కూడా తలూపారు. వాగు దాటే బాధ తప్పుతుందంటే వద్దనేదెవరు?

అనసూయమ్మకి సంగతి అర్థమయ్యాక గడ్డం దానంతటదే నిలబడింది. మూడు రోజులు పగలంతా కూర్చుని టీసీలు రాసింది, గిట్టతో ముద్ర గుద్దింది. బడి మానడానికి కారణం: ఇంటి దగ్గర బడి దొరికింది. నడవడిక: మంచిది. ముళ్ళపంది సూరిగాడి కాగితం మీద మాత్రం నిజాయితీగా ఇంకో ముక్క కలిపింది: మంచిది, కానీ దగ్గరికి వెళ్ళరాదు. ఆఖరి నత్తకి టీసీ ఇచ్చేటప్పుడు మాలకొండయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. పిల్లలు వెళ్ళిపోతే ఏ మాష్టారికైనా గుండె ఖాళీ అవుతుంది. నిదానంగా వెళుతుంటే మరీనూ.

నాలుగో రోజు తెల్లారి జంబులింగం గేటు ముందుకొచ్చి చూసేసరికి నేల కనబడలేదు. అన్నీ నత్తలే. మధ్యమధ్య తాబేళ్ళు. వెనకాల ముళ్ళు.

"ఏమిటిది? ఎవరు మీరంతా?"

"అడ్మిషన్లండి," అంది పోలమ్మ. "ఇదిగోండి టీసీలు."

జంబులింగం గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మా, ఏడాది మధ్యలో సీట్లు ఎక్కడివి?"

"సీట్లు మాకెందుకు బాబూ? మావాళ్ళు గోడకి అతుక్కుంటారు."

"హాస్టల్ గదులు ఖాళీ లేవు."

"ఎవరిల్లు వాళ్ళ వీపు మీదే ఉంది కదా."

"అసలు... అసలు పిల్లలు ఏ మాత్రం చురుకో చూడకుండా..." అంటూ అలవాటు కొద్దీ కొలతకర్ర తీశాడు. గేటు పక్క పొదలోంచి ఎవరో దగ్గారు. శూరప్ప. పొద్దుటి షికారుకి వచ్చాడట.

"కొలుస్తున్నారా జంబులింగం గారూ? కొలవండి, కొలవండి. కొలిస్తే ప్రైవేటు కింద లెక్క. మావాళ్ళని పిలుచుకొస్తాను."

జంబులింగం కొలతకర్రని రెండుగా విరిచి పారేసి, రిజిస్టర్ తెరిచాడు. సాయంత్రందాకా పేర్లు రాస్తూనే ఉన్నాడు. పోలమ్మ మధ్యలో ఒకసారి ఇంటికెళ్ళి, మర్చిపోయిన పదిమందిని కూడా తీసుకొచ్చింది.

ఆట రోజు వచ్చింది. వాగు మలుపులో మైదానం చుట్టూ అడవంతా చేరింది. తాటిపీచు గట్టిగా చుట్టిన బంతి మధ్యలో ఉంది. పక్కనున్న బండ నీడ తెల్లగీతని తాకేదాకా ఆట, వీరభద్రమ్మ రిఫరీ. చిట్టెమ్మ ముందు ఉమ్మడి బడి చీటీలు లాగింది. ఒక దూడ, ఇద్దరు అడవిపంది పిల్లలు, గాడిదపిల్ల, కుంటి కుందేలు, మిగతా ఆరుగురు మేకపిల్లలూ ఉడతలూను. గొప్ప జట్టేమీ కాదు. కాకపోతే అందరికీ కాళ్ళున్నాయి.

తర్వాత అవతలి బడి చీటీలు. చిట్టెమ్మ లాగింది.

"నత్త."

మళ్ళీ లాగింది.

"నత్త."

"బాగా కలిపి లాగవే!" అన్నాడు జంబులింగం.

బాగా కలిపింది. "తాబేలు. నత్త. నత్త. ముళ్ళపంది సూరి. నత్త. నత్త. నత్త. నత్త." ఆఖరిది లాగి చిలకే ఆశ్చర్యపోయింది. "జింకపిల్ల వనజ!"

జంబులింగం వనజని పక్కకి పిలిచాడు. "అమ్మా, నువ్వే పదకొండుమందివి అనుకో."

అన్నంత పనీ చేసింది ఆ పిల్ల. ఈల పడగానే అందరి మధ్యలోంచి దూసుకెళ్ళి గోల్ కొట్టేసింది. మాలకొండయ్య ఇంత చేసీ పాత కథేనా అనుకున్నాడు. కానీ ఒక్కతే ఎంతసేపు? బంతి ఇద్దామంటే అందుకునేవాడు లేడు.

"పరిగెత్తండర్రా!" అని జంబులింగం గీత పక్కన గంతులేశాడు.

"పరిగెత్తుతూనే ఉన్నాం సార్!" అన్నాయి నత్తలు నొచ్చుకుంటూ.

వనజ ఆయాసపడి నిలబడిన ఒక్క క్షణంలో గాడిదపిల్ల వెనక్కి తిరిగి తన్నిన తాపుకి బంతి గోల్లో పడింది. ఒకటి, ఒకటి.

అప్పుడు జరిగింది అసలు వింత. మేకపిల్ల తన్నిన బంతి నేరుగా వచ్చి సూరిగాడి వీపు మీద పడి ముళ్ళకి గుచ్చుకుపోయింది. చేత్తో ముట్టుకోలేదు గనక తప్పు కాదంది వీరభద్రమ్మ. సూరిగాడు బంతిని వీపు మీద పెట్టుకుని తాపీగా ఉమ్మడి బడి గోల్ వైపు నడిచాడు. ఆపడానికి ఎవడు వెళతాడు? దూడ వెళ్ళబోయి ముక్కు చూసుకుని వెనక్కి తగ్గింది.

"మాష్టారూ, ఒక్క కేక వెయ్యండి!" అనసూయమ్మ గిట్టలు టకటకలాడించింది. "మీ గొంతు వింటే వాడు ఎక్కడున్నా ఆగిపోతాడు. రెండేళ్ళు నేర్పారు కదా!"

నిజమే. 'ఆగరా సూరీ' అంటే చాలు, నిలువునా ఆగిపోతాడు. మాట గొంతుదాకా వచ్చింది మాలకొండయ్యకి. మైదానం అంతా ఆ ఒక్క మాట మీద ఉందని తెలుసు. కానీ జన్మలో మొదటిసారి గోల్ వైపు వెళుతున్నాడు వాడు. మాలకొండయ్య నాలుక కరుచుకున్నాడు.

"వాడిప్పుడు మన పిల్లాడు కాదు మేడమ్. ఆడుకోనియ్యండి."

కుందేలు గోల్ వదిలి పారిపోయింది. సూరిగాడు గీత దాటి, గోల్లో కూర్చుని ఒళ్ళు దులుపుకున్నాడు. రెండు, ఒకటి. నత్తలు కొమ్ములెత్తి కేరింతలు కొట్టాయి. తనకి తెలియకుండానే మాలకొండయ్య కూడా చప్పట్లు కొట్టాడు. అనసూయమ్మ ఆయన్ని చూసిన చూపుకి పచ్చిగడ్డి భగ్గుమనాలి.

ఆ సంతోషాన్ని జంబులింగం అంతటితో వదిలేస్తే కథ వేరేలా ఉండేది. మైదానం ఎప్పటికీ నాదే అనుకున్నాడు. ఒళ్ళు మరిచిపోయాడు. "నా బంగారు కొండా!" అని పరిగెత్తుకుంటూ వచ్చి సూరిగాణ్ణి గట్టిగా కావలించుకున్నాడు.

టీసీలో అనసూయమ్మ స్పష్టంగానే రాసింది. చదువుకోవద్దూ?

ఆ కేక కొండవెనక దాకా వినిపించింది. మూతినిండా ముళ్ళు, ముక్కునిండా ముళ్ళు. తాబేలు సాయానికి బయల్దేరింది గానీ అది చేరేసరికి మర్నాడవుతుంది. నత్తల్ని ముట్టుకోనివ్వడు, జిగురట. "వవవజ! వవజా!" అని మూలిగాడు. వనజ ఆట వదిలి పరిగెత్తుకొచ్చింది. గీత బయట కూర్చోబెట్టుకుని, పళ్ళతో ఒక్కో ముల్లూ పీకసాగింది. రెండు ముళ్ళు వచ్చాక, "సార్, నేను ఆటకి వెళ్ళొస్తాను," అంది. జంబులింగం ఆమె కాలు పట్టుకుని వదల్లేదు. తన మూతి ముందు మైదానం ఏపాటిది?

ఉన్న ఒక్క కాళ్ళజతనీ నక్కగారే మైదానం బయటికి లాగేశారు. ఇక అడ్డేముంది? దూడ ఒకటి కొట్టింది. నీడ గీతని తాకబోతుండగా పందిపిల్ల ఇంకోటి కొట్టింది. గోల్‌కీపర్ నత్త రెండిటికీ ఎదురెళ్ళింది, ఇంకా దారిలోనే ఉంది. మూడు, రెండు. ఈల పడింది. ఉమ్మడి బడి పిల్లలు మైదానంలో పడి దొర్లారు, ఆకలేసినవాళ్ళు అక్కడికక్కడే గడ్డి మేశారు. మాలకొండయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గడ్డి నలుసు పడిందన్నాడు. ఎవరూ నమ్మలేదు.

మర్నాడు జంబులింగం కట్టు కట్టుకున్న మూతితో నల్లబండ దగ్గరికొచ్చాడు. "పెద్దమ్మా, ఆలోచిస్తే మాది ప్రైవేటు బడిగా ఉండటమే..."

"అలాగే," అంది వీరభద్రమ్మ. "శూరప్పకి కబురు పెట్టనా?"

తేలు కుట్టిన దొంగలా తిరిగొచ్చాడు జంబులింగం. గేటు తెరిచాడు, రిజిస్టర్ తెరిచాడు, హాజరు పిలవడం మొదలుపెట్టాడు. నత్తలకి మాట కూడా నిదానమే. పిలిచిన ప్రతి నత్తా కొమ్ములు బయటికి తీసి, అటూ ఇటూ చూసి, నాదేనా అని ఆలోచించి, అప్పుడు "వచ్చాను సార్" అంది. ఆఖరి నత్త వచ్చానని చెప్పేసరికి ఇంటిగంట కొట్టారు. రేపు మళ్ళీ మొదటి నత్త నుంచి పిలవాలి.

అందరిదీ అని బోర్డు పెట్టినవాడు అందరినీ మొయ్యాల్సిందే.